చెలమలా ఊరే నెత్తురు: ఎముక రక్తస్రావాన్ని ఆపడం ఎందుకంత చిక్కు?

ఆపరేషన్ మధ్యలో ధమని తెగితే రక్తం చిమ్ముతుంది. చూసేవారికి గుండె జారుతుంది గానీ సర్జన్‌కు అది తెలిసిన శత్రువే. ఎక్కడ తెగిందో కనబడుతుంది. పట్టకారుతో పట్టుకుని, దారంతో ముడి వేసి, పని ముందుకు సాగిస్తారు. అదే సర్జన్ రంపంతో ఎముకను కోసినప్పుడు చిమ్మేదేమీ ఉండదు. కోసిన ముఖమంతా ఎర్రగా చెమ్మగిల్లుతుంది. గాజుగుడ్డతో అద్దితే క్షణకాలం తెల్లగా కనిపించి, మళ్లీ వంద చోట్ల ఒకేసారి ఊరుతుంది, ఇసుకలో తవ్విన చెలమలో నీరు ఊరినట్టు. పట్టుకోవడానికి కొస లేదు, ముడి వేయడానికి నాళం లేదు.

శస్త్రచికిత్సలో రక్తాన్ని ఆపే పద్ధతులన్నీ మెత్తని కణజాలాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టినవే. వాటిలో చాలావరకు ఎముక దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తాయి. అందుకే ఎముకకు ప్రత్యేకంగా ఒక ఉపాయాల మూట తయారైంది. అందులో తేనెమైనం నుంచి సముద్రపు నాచులా మెత్తగా ఉండే దూది వరకు, పడుకోబెట్టే బల్ల నుంచి జపాన్‌లో పుట్టిన ఒక చవక మందు వరకు ఉన్నాయి. వాటిలో ఏది ఎప్పుడు వాడాలన్నది చూసినంత తేలిక కాదు.

ఎముక ఎందుకు ఇలా కారుతుంది?

మనం చూసే ఎముకలన్నీ ఎండినవి కావడంతో, ఎముక అంటే సున్నపురాయి లాంటిదన్న భావన మనలో నాటుకుపోయింది. బతికున్న ఎముక అలా ఉండదు. గుండె పంపే రక్తంలో 5 నుంచి 10 శాతం దాకా అస్థిపంజరానికే వెళుతుంది. బయటి గట్టి పెంకులో సన్నని కాలువలు పొడవునా, అడ్డంగా అల్లుకుని ఉంటాయి. లోపల స్పంజిలాంటి భాగం, దాని గదుల నిండా మూలుగ. ఈ మూలుగలోని సిరలు మామూలు సిరల్లా గొట్టాలు కావు. పలుచని గోడలతో, వెడల్పుగా ఉండే రక్తపు మడుగులు. కొత్త రక్తకణాలు తయారై ప్రవాహంలో కలవాలంటే గోడలు అంత పలుచగా ఉండక తప్పదు.

ఇక అసలు చిక్కు ఈ నాళాల చుట్టూ ఉన్న గోడలతో. చర్మం కింద ఒక చిన్న నాళం తెగిందనుకోండి. మొదట అది ముడుచుకుంటుంది, తెగిన కొస వెనక్కి కణజాలంలోకి జరిగిపోతుంది. రంధ్రం చిన్నదవుతుంది. ఆ చిన్న రంధ్రాన్ని ప్లేట్‌లెట్లు వచ్చి మూస్తాయి, దానిపై ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగుల వల అల్లుకుంటుంది. మొదటి అడుగు సరిగ్గా పడితే మిగతా రెండింటికీ పని తక్కువ. ఎముకలో ఆ మొదటి అడుగే పడదు. నాళం గట్టి సొరంగంలో ఇరుక్కుని ఉంటుంది. ముడుచుకుందామన్నా, వెనక్కి జరుగుదామన్నా ఎముక గోడ వదలదు. నోరు తెరిచినది తెరిచినట్టే ఉంటుంది. రక్తం ప్రవహిస్తూ ఉంటే ప్లేట్‌లెట్లు కట్టిన చిన్న అడ్డుకట్ట కూడా కొట్టుకుపోతుంది.

చిత్రమేమిటంటే, ఆపరేషన్ గదిలో ఇంత తలనొప్పి తెచ్చే ఇదే గుణం అత్యవసర విభాగంలో ప్రాణాలు నిలబెడుతుంది. రక్తప్రసరణ కుప్పకూలి తీవ్రమైన షాక్‌లో ఉన్న రోగికి చేతి సిరలు కుంచించుకుపోయి సూది దొరకనప్పుడు, మోకాలి కింది ఎముకలోకి సూది దింపి మందులు, ద్రవాలు ఎక్కిస్తారు. ఒంట్లో సిరలన్నీ మూతబడ్డా ఎముక లోపలివి మూతబడవు.

కాల్చితే ఆగదా?

ఆగదనే చెప్పాలి. విద్యుత్తుతో రక్తనాళాలను మాడ్చి మూసే పరికరాన్ని 1926 అక్టోబర్ 1న బోస్టన్‌లో నాడీ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ మొదటిసారి మెదడు ఆపరేషన్‌లో వాడారు. దాన్ని తయారుచేసిన విలియం బోవీ పేరుతోనే చాలాచోట్ల ఇప్పటికీ పిలుస్తారు. మెత్తని కణజాలంలో అది అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే వేడికి నాళం గోడ కుంచించుకుని అతుక్కుపోతుంది. ఎముకలోని నాళానికి కుంచించుకునే వీలే లేదని పైన అనుకున్నాం కదా. పెద్ద రంధ్రం ఒకటి కనిపిస్తే ఇలా మాడ్చడంతో కొంత ప్రయోజనం ఉండవచ్చు. ఊరే ముఖం మొత్తాన్ని మాడ్చడానికి పూనుకుంటే రక్తం ఆగకపోగా ఎముక చచ్చిపోతుంది.

ఎముక వేడికి ఎంత సున్నితమో 1983లో ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ అనే పరిశోధకులు కుందేళ్లపై చేసిన ప్రయోగాల్లో తేల్చారు. 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, ఆ భాగం తిరిగి పెరగడం దెబ్బతింటుంది. ఎముకలో డ్రిల్లు వేసేటప్పుడు పక్కనుంచి నీళ్లు కొడుతూ ఉండటం అందుకే.

అయినా ఈ వేడినే తమకు అనుకూలంగా వాడుకునే సర్జన్లు ఉన్నారు. చెవి వెనక ఎముకను తొలిచేటప్పుడు, పుర్రె అడుగుభాగంలో పనిచేసేటప్పుడు, గరుకు బర్ (గిర్రున తిరుగుతూ ఎముకను అరగదీసే మొన) తీసేసి వజ్రపు పొడి పూసిన నున్నని బర్ పెడతారు. నీళ్లు తగ్గించి, రక్తం కారే చోట తేలిగ్గా ఆనిస్తారు. రాపిడికి పుట్టిన ఎముక పొడి రంధ్రాల్లోకి దిగబడుతుంది, కొంచెం వేడి తోడవుతుంది, కారడం నిలుస్తుంది. ఎముకను ఎముకతోనే పూడ్చడమన్న మాట. ఒకటి రెండు క్షణాలు ఎక్కువైతే కింద ఉన్న ముఖ నాడికే ముప్పు. చేతివాటం తెలిసినవారికే తగిన పద్ధతి ఇది.

తేనెమైనం కథ

ఎముక రక్తస్రావం అనగానే ఏ ఆపరేషన్ గదిలోనైనా మొదట వినిపించే మాట బోన్ వ్యాక్స్. పుర్రె ఎముకల రక్తాన్ని మైనంతో ఆపవచ్చన్న ఆలోచన 19వ శతాబ్దంలో ఒకరిద్దరికి వచ్చినా, దాన్ని అందరిచేతా వాడించిన ఘనత లండన్ సర్జన్ విక్టర్ హార్స్లీది. 1892లో ఆయన తన మైనం తయారీని వైద్య పత్రికలో ప్రకటించారు. ఏడు పాళ్లు తేనెమైనం, ఒక పాలు బాదం నూనె, క్రిములు చేరకుండా కాస్త సాలిసిలిక్ యాసిడ్. వెన్నుపాము మీద కణితిని విజయవంతంగా తీసిన తొలి సర్జన్ కూడా ఆయనే. పుర్రెను, వెన్నుపూసలను తెరిచే పని మొదలుపెట్టిన మనిషికి ఈ ఊట బెడద ఎంత పెద్దదో తెలియకుండా ఎలా ఉంటుంది?

నేటి బోన్ వ్యాక్స్‌లోనూ ప్రధానమైనది తేనెమైనమే. మెత్తదనం కోసం కలిపే పదార్థం మాత్రం మారింది. వేళ్ల మధ్య నలిపి, వేడెక్కి మెత్తబడ్డాక ఎముక ముఖానికి గట్టిగా రుద్దుతారు. మైనం రంధ్రాల్లోకి దిగి వాటిని మూస్తుంది, అంతే. అందులో రక్తాన్ని గడ్డకట్టించే రసాయన గుణమేదీ లేదు. కారుతున్న గోడ పగుళ్లలో మేస్త్రీ లప్పం పెట్టడం లాంటిదే ఇది. చవక, వెంటనే పనిచేస్తుంది, ఎవరైనా వాడగలరు. 130 ఏళ్లు దాటినా బల్ల మీది నుంచి కదలకపోవడానికి కారణాలు అవి.

కానీ మైనం శరీరంలో కరగదు. ఏళ్ల తర్వాత మళ్లీ తెరిచి చూసినా అక్కడే ఉంటుంది. తెగిన రెండు ఎముక ముఖాల మధ్య కరగని పొర ఉంటే ఎముకను కట్టే కణాలు దాన్ని దాటలేవు. కాబట్టి ఎముకలు అతుక్కోవలసిన చోట మైనం వాడకూడదు. వెన్నుపూసలను కలిపే ఆపరేషన్లలో దానికి చోటు లేదు. శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూసి చుట్టూ వాపు గడ్డ కట్టించిన సందర్భాలూ ఉన్నాయి. అన్నిటికంటే తీవ్రమైన ఆరోపణ సూక్ష్మజీవుల గురించి. మైనం పూసిన ఎముక నుంచి క్రిములను తుడిచిపెట్టడం శరీరానికి కష్టమని, చాలా తక్కువ క్రిములతోనే చీము పట్టవచ్చని జంతు ప్రయోగాలు చూపించాయి.

ఈ వాదన ఎక్కువగా వేడెక్కేది గుండె ఆపరేషన్ల దగ్గర. అక్కడ రొమ్ము ఎముకను నిలువునా రెండుగా కోస్తారు. మధ్యలో మూలుగ నిండిన రెండు అంచులు గంటల తరబడి తెరిచి ఉంటాయి. పైగా రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి ఉంటారు. ఆ అంచులకు మైనం పూయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. అయితే చివర్లో ఆ రెండు సగాలనే తీగలతో బిగించి, అతుక్కోవాలని ఆశిస్తారు. అక్కడ చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది. కొందరు సర్జన్లు మైనం వదిలేశారు, కొందరు పల్చగా పూసి ఎక్కువైనది గీకేస్తారు, ఇంకొందరు మునుపటిలాగే వాడుతున్నారు. నా దృష్టిలో మధ్య దారి పట్టినవారి పద్ధతే సబబుగా ఉంది. మైనంతో వచ్చే హాని చాలావరకు ఎంత పూశారన్నదాన్ని బట్టి ఉంటుంది. రంధ్రం పూడ్చడానికి కావలసింది బఠాణీ గింజంత, చేతికి అంటుకునేది నిమ్మకాయంత!

మైనం చేసే పని చేసి, ఆపైన తప్పుకునే పదార్థం కోసం వెతుకులాట సహజంగానే మొదలైంది. నీటిలో కరిగే పాలిమర్లతో చేసిన మైనం 2000ల దశాబ్దంలో అందుబాటులోకి వచ్చింది. చేతికి అసలు మైనంలాగే ఉంటుంది, రెండు రోజుల్లోపు కరిగి మూత్రపిండాల ద్వారా వెళ్లిపోతుంది. రక్తస్రావం ఆగడానికి అంత సమయం చాలు. ధర ఎక్కువ కావడమే దాని వ్యాప్తికి అడ్డు.

దూదులు, పొడులు, జిగురులు

మైనం గోడ కడుతుంది. రెండో రకం పదార్థాలు గడ్డ కట్టడానికి పందిరి వేస్తాయి. 1940లలో వచ్చిన జెలటిన్ స్పంజి, ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ ఈ కోవలో పాతకాపులు. సర్జన్ల నోట జెల్‌ఫోమ్, సర్జిసెల్ అనే బ్రాండ్ పేర్లే వినిపిస్తాయి. స్పంజి తన బరువుకు ఎన్నో రెట్లు రక్తాన్ని పీల్చుకుని ఉబ్బి, నాలుగు నుంచి ఆరు వారాల్లో కరుగుతుంది. సెల్యులోజ్ వలలాంటి గుడ్డ. రక్తం తగిలితే నల్లబడి జిగటగా మారుతుంది. దాని ఆమ్లగుణం వల్ల కొన్ని రకాల క్రిములు కూడా నశిస్తాయి. అదే ఆమ్లగుణం, రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైమైన థ్రాంబిన్‌ను పాడుచేస్తుంది కాబట్టి ఆ రెంటినీ కలిపి వాడకూడదు.

కరుగుతుంది కదా అని ఎంతైనా కుక్కి వదిలేస్తే? ఇక్కడే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన విషాదాలున్నాయి. ఛాతీ ఆపరేషన్‌లో పక్కటెముక మొదట్లో రక్తం ఆపడానికి పెట్టిన సెల్యులోజ్, నాడి బయటికి వచ్చే రంధ్రం గుండా వెన్ను కాలువలోకి జారి, వెన్నుపామును నొక్కి కాళ్లు పడిపోయిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రక్తం ఆగాక వెన్నుపాము, చూపు నాడి లాంటివాటి దగ్గర పెట్టిన దూదిని తీసేయాలన్న నియమం వచ్చింది అలాంటి అనుభవాల నుంచే.

వీటికంటే చురుకైనవి కొల్లాజెన్ పీచు, థ్రాంబిన్, ఫైబ్రిన్ జిగురు. ప్లేట్‌లెట్లు కొల్లాజెన్‌ను చూడగానే అంటుకుంటాయి. థ్రాంబిన్ నేరుగా ఫైబ్రిన్‌ను తయారుచేయిస్తుంది. జెలటిన్ రేణువులను థ్రాంబిన్‌తో కలిపి సిరంజితో పిండే ముద్ద వెన్నెముక ఆపరేషన్లలో బాగా వాడుకలోకి వచ్చింది. మూల మూలలకూ చేరుతుంది, తడిగా ఉన్నచోట కూడా పనిచేస్తుంది. మిగిలిపోయిన రేణువులను నీళ్లతో కడిగేయవచ్చు. ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆపరేషన్‌లో కారిన రక్తాన్ని శుద్ధిచేసి తిరిగి రోగికే ఎక్కించే యంత్రం నడుస్తున్నప్పుడు ఈ పదార్థాలు దానిలోకి పోకూడదు. కొల్లాజెన్ పీచు వడపోతను దాటి రక్తంలోకి చేరగలదు.

కోత పెట్టకముందే గెలిచే సగం యుద్ధం

కారిన తర్వాత ఆపేవాటి గురించి సర్జన్లు ఎంత చెప్పుకున్నా, అసలు లెక్క అంతకుముందే తేలుతుందని నా నమ్మకం. కాలు, చేతి విషయంలో ఇది బొత్తిగా తేలిక. 1873లో జర్మన్ సర్జన్ ఎస్మార్క్ రబ్బరు పట్టీతో కాలిలోని రక్తాన్ని పైకి పిండి, ఆపైన బిగించి కట్టడం నేర్పారు. 1904లో కుషింగ్ దాని స్థానంలో గాలి నింపే పట్టీని తెచ్చారు. మోకాలి మార్పిడి ఈనాటికీ చాలాచోట్ల ఆ పట్టీ కిందే జరుగుతుంది. సుమారు రెండు గంటలు దాటితే కండరాలకు, నాడులకు చేటు. పట్టీ వదిలాక ఒక్కసారిగా ఊట మొదలవుతుంది. పట్టీ కింద అంతా ఆగిందనుకుని కుట్లు వేసి ఊరుకుంటే, మర్నాడు మోకాలు ఉబ్బి కనిపిస్తుంది.

తుంటికి, వెన్నుకు, పుర్రెకు పట్టీ కట్టలేం. అక్కడ రోగిని పడుకోబెట్టే తీరే మందు. వెన్నెముక చుట్టూ ఉన్న సిరల జాలానికి కవాటాలు లేవని 1940లో ఆస్కార్ బాట్సన్ చూపించారు. బోర్లా పడుకున్నప్పుడు పొట్ట బల్లకు నొక్కుకుంటే, పొట్టలోని పెద్ద సిర మీద ఒత్తిడి పడి రక్తం దారి మళ్లుతుంది. ఆ దారి వెన్నుపూసల గుండానే. ఎముకలో ఒత్తిడి పెరిగి కోసిన చోటల్లా పొంగుతుంది. 1967లో రెల్టన్, హాల్ అనే వైద్యులు నాలుగు దిండ్ల మీద ఛాతీ, తుంటి ఆనేలా, పొట్ట కింద ఏమీ తగలకుండా వేలాడేలా ఒక చట్రం రూపొందించారు. రక్తస్రావం తగ్గించడానికే కనిపెట్టిన చట్రం అది. నేటి వెన్ను ఆపరేషన్ బల్లలన్నీ ఆ సూత్రానికి వారసులే. ఎన్నో ఖరీదైన జిగురులు చేయలేని పనిని పొట్ట కింద ఖాళీ చేసిపెడుతుంది.

తర్వాతి మాట ట్రానెక్సామిక్ యాసిడ్‌ది. 1962లో జపాన్ శాస్త్రవేత్తలు ఉటాకో ఒకామోటో, షోసుకే ఒకామోటో దంపతులు దీన్ని వెలుగులోకి తెచ్చారు. ఇది గడ్డ కట్టించదు, కట్టిన గడ్డను కరగనివ్వదు. శరీరం ఒకవైపు గడ్డ కడుతూనే మరోవైపు ప్లాస్మిన్ అనే ఎంజైముతో దాన్ని కరిగిస్తూ ఉంటుంది. ప్లాస్మిన్‌గా మారే ముడి సరుకు ప్లాస్మినోజెన్. అది ఫైబ్రిన్‌ను పట్టుకునే కొక్కేలకు ఈ మందు అడ్డుపడుతుంది. ముడుచుకోలేని ఎముక నాళాలకు గడ్డే దిక్కు కాబట్టి, ఆ గడ్డను నిలబెట్టే మందు ఎముక ఆపరేషన్లలో ఇంతగా పనికిరావడంలో ఆశ్చర్యం లేదు. గాయాలపాలైన 20 వేల మందికి పైగా రోగులపై 40 దేశాల్లో జరిగిన క్రాష్-2 పరిశోధన 2010లో వెలువడ్డాక దీని పేరు మారుమోగింది. మోకాలు, తుంటి మార్పిడిలో నేడు ఇది దాదాపు నిత్యకృత్యం. సిరలోకి ఇవ్వవచ్చు, కీలులోనే పోయవచ్చు. కానీ పొరపాటున వెన్నులోకి ఇస్తే ప్రాణాంతకం. వెన్నులో ఇచ్చే మత్తుమందు గాజుబుడ్డి అనుకుని దీన్ని ఎక్కించిన ఘోరాలు జరిగాయి. అందుకే ఈ రెండింటినీ ఒకే అరలో ఉంచకూడదంటారు మత్తు డాక్టర్లు.

మూత్రపిండం, థైరాయిడ్ క్యాన్సర్లు ఎముకకు పాకినప్పుడు ఆ కణితులు రక్తంతో ఉబ్బి ఉంటాయి. కత్తి తగిలితే వరదే. ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు, కాథెటర్ అనే సన్నని గొట్టం పంపి వాటిని పోషించే ధమనులను లోపలినుంచే మూసేయడం మేలు.

రక్తం కారడం కంటే భయపెట్టేది

పుర్రె దగ్గర ఒక తిరకాసు ఉంది. రోగిని కూర్చోబెట్టి మెదడు వెనకభాగంలో ఆపరేషన్ చేసినప్పుడు తల గుండెకంటే ఎత్తులో ఉంటుంది. తెరుచుకున్న ఎముక సిరల్లో ఒత్తిడి బయటి గాలికంటే తగ్గుతుంది. అప్పుడు సిర రక్తాన్ని వదలదు, గాలిని పీలుస్తుంది. మామూలు సిరయితే మూసుకుపోయేది. ఎముక పట్టి ఉంచిన సిర గొట్టంలా తెరిచే ఉంటుంది. గాలి బుడగలు గుండెకు చేరితే రక్తప్రసరణ ఆగిపోవచ్చు. రోగి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చటుక్కున పడిపోతే మత్తు డాక్టరుకు మొదటి అనుమానం దీనిమీదే. వెంటనే గాయాన్ని సెలైన్‌తో నింపుతారు, తల కిందికి దించుతారు, ఎముక అంచులకు మైనం రుద్దుతారు. రక్తం చుక్క కూడా కారని ఎముకకు మైనం పూస్తున్న సర్జన్‌ను చూస్తే కారణం ఇదని అర్థం చేసుకోవాలి.

దవడ విషయం కొంత నయం. పన్ను తీసిన గుంతలో ఎముక నుంచి రక్తం కారుతుంటే దంతవైద్యులు మొద్దు పరికరంతో ఆ రంధ్రం చుట్టూ ఎముకను నొక్కి చితకగొట్టి మూస్తారు. చాలామందికి గాజుగుడ్డను గట్టిగా కొరికి పట్టుకోవడమే సరిపోతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు పన్ను తీయించుకునే ముందు సొంత నిర్ణయంతో వాటిని ఆపడం మాత్రం మంచిది కాదు. గుండెకో మెదడుకో వచ్చే ముప్పు ఆ కాస్త నెత్తురుకంటే పెద్దది.

విరిగిన ఎముకల లెక్క వేరు. తొడ ఎముక విరిగితే లీటరు నుంచి లీటరున్నర దాకా రక్తం తొడలోనే పోగవుతుంది. పెద్దవారి ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్లు. కటి వలయం (నడుము కింది ఎముకల చట్రం) చిట్లితే ఇంకా ఎక్కువ. అది చాలావరకు సిరల నుంచి, విరిగిన ఎముక ముఖాల నుంచి వచ్చేదే. అక్కడ మైనానికీ దూదికీ పని లేదు. నడుము కింద పట్టీ బిగించి విరిగిన ముఖాలను దగ్గరికి చేర్చడమే రక్తం ఆపడం. అలాగే కృత్రిమ కీలు బిగించే సిమెంటు కూడా ఎముక రంధ్రాల్లోకి దిగి ఊటను మూస్తుంది. అయితే దానికి ముందు ముఖాన్ని నీటిధారతో కడిగి ఆరబెట్టాలి. రక్తం పొర మధ్యలో ఉంటే సిమెంటు పట్టు సడలుతుంది. మోకాలి మార్పిడిలో కొలబద్ద కడ్డీ కోసం తొడ ఎముకలో వేసిన రంధ్రాన్ని, కోసి తీసిన ఎముక ముక్కతోనే బిరడా చేసి మూసేవారున్నారు. కారే చోటికి దానికి సరిపోయే మూత అది!

కారాలని కోరుకునే వేళ

ఇంతసేపూ రక్తాన్ని ఆపడం గురించే మాట్లాడుకున్నాం. విరిగిన ఎముక అతికేది అదే రక్తంతో. విరిగిన చోట చేరిన గడ్డలోకే మొదట వాపు కణాలు, తర్వాత ఎముకను కట్టే కణాలు వస్తాయి. ఆ గడ్డను పూర్తిగా కడిగేస్తే అతుకు ఆలస్యమవుతుంది. కాబట్టి సర్జన్ లక్ష్యం ఎముకను పొడిగా చేయడం కాదు. చూపు ఆనేంత, రోగి నష్టపోనంత వరకు ఆపి, మిగతా ఊటను శరీరానికి వదిలేయడం. కరగని మైనాన్ని అనుమానంగా చూడటానికి మూలం ఇక్కడుంది.

కొన్ని ఆపరేషన్లలో రక్తం కోసమే తవ్వుతారు. మోకాలిలో మృదులాస్థి అరిగిన చోట కింది ఎముకకు సన్నని రంధ్రాలు పొడిచి, మూలుగ నుంచి రక్తం పైకి వచ్చి గడ్డకట్టేలా చేస్తారు. ఆ గడ్డే కొత్త పొరకు నారు పోస్తుంది. ఎముకకు చీము పట్టి కొంత భాగం చచ్చిపోయినప్పుడు, సర్జన్ ఉలితోనో బర్‌తోనో దాన్ని పొరలు పొరలుగా చెక్కుతారు. చచ్చిన ఎముక తెల్లగా, పొడిగా, రాయిలా ఉంటుంది. ఎక్కడ ఆగాలో చెప్పడానికి ఏ స్కానూ అంత బాగా పనికిరాదు. చెక్కగా చెక్కగా ఒకచోట మిరపకారం చల్లినట్టు సన్నని ఎర్రచుక్కలు మెల్లగా పైకి తేలతాయి. అవి కనబడగానే ఉలి పక్కన పెడతారు.